నల్ల కారు, నాలుగు వెంట్రుకలు

తాతకి కోపం రావడానికి కారణం అక్కర్లేదు, ఎవరో ఒకరు ఎదురుగా ఉంటే చాలు. ఆ రోజు షెడ్డులో వ్యాక్స్ పూసిన నల్ల కారు తప్ప ఎవరూ లేరు. అయినా వచ్చింది.

కుర్రతనం నుంచీ ఆయన పని కార్లకి మెరుగు పెట్టడమే. మొదట గుడ్డతో, భుజం అరిగాక మెషిన్‌తో. ఈ కారు డ్రైవింగ్ నేర్పే మేడమ్‌ది. నాలుగింటికల్లా ఇస్తానని మాటిచ్చాడు. ఈసారి కూడా ఆలస్యమైతే షెడ్డు మూసేస్తానని కొడుకు తేల్చి చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా ‘అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు రాయించి తెచ్చి గోడకి ఆనించాడు. పొద్దుటినుంచీ తాత దాన్ని చూసి పళ్లు నూరుతూనే ఉన్నాడు.

పూసిన వ్యాక్స్ ఆరి, పొగ పట్టినట్టు తెల్లబడాలి. అప్పుడు మెత్తటి ఫోమ్ ప్యాడ్ తగిలించిన మెషిన్‌ని నిదానంగా తిప్పితే ఆ తెలుపంతా లేచిపోతుంది. ఆరిందో లేదో తాత వేలితో గీత గీసి చూస్తాడు. గీత తేటగా వస్తే ఆరినట్టు, జిడ్డుగా అలుక్కుపోతే ఆరనట్టు. డబ్బా మీద రాసింది నమ్మడు, వేలిని నమ్ముతాడు.

గీశాడు. అలుక్కుపోయింది.

“దొంగ సరుకు! ఆ కొట్టువాడు నన్ను ముంచాడు!” అని తల గోక్కున్నాడు. కాసేపాగి మళ్లీ గీశాడు. మళ్లీ అంతే. ఫ్యాను పెట్టాడు. మబ్బుని తిట్టాడు. బోర్డుని తిట్టాడు. తిట్టిన ప్రతిసారీ ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడేలా గోక్కున్నాడు. గోక్కున్న ప్రతిసారీ గీత అలుక్కుపోయింది.

నానమ్మ తడిచేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“ఏంటా గోల?”

“పొద్దున పూసింది ఇంకా ఆరట్లేదే!”

నానమ్మ తన వేలితో గీసింది. గీత అద్దంలా వచ్చింది. ఆవిడ తాత తల వంక చూసింది. పొద్దున అరచేతి నిండా నూనె పోసి మర్దనా చేసింది ఆవిడే.

“ముందు ఆ నెత్తి మీంచి చెయ్యి తియ్యండి.”

తాత వేలు వాసన చూసుకున్నాడు. గుప్పుమని నూనె వాసన.

“పనున్న రోజు నూనె పెట్టమని ఎవరేడ్చారు? నా షెడ్డు ఊడగొట్టడానికి తల్లీకొడుకులు ఒక్కటయ్యారా?”

“తల మాడిపోతోందన్నది మీరు కాదూ?”

“అంటే? పెట్టేస్తావా?”

ఈ లోగా వ్యాక్స్ ఎండి రాయైపోయింది. ప్యాడ్ దాని మీద జారుతోందే తప్ప దేన్నీ లేపడం లేదు. గట్టిపడ్డ వ్యాక్స్‌ని అదే వ్యాక్స్ మెత్తబరుస్తుందని తాతకి తెలుసు. నానమ్మ ఆయన తలకి తువ్వాలు బిగించి కట్టింది. ఆయన కారు ఒక్కో భాగానికీ కొత్త వ్యాక్స్ పల్చగా రాసి, వెంటనే మెషిన్ తిప్పాడు. ప్యాడ్ జిడ్డుతో నిండగానే విప్పి మరోటి తగిలించాడు. తిట్లు మాత్రం ఆగలేదు.

మేడమ్ వచ్చేసరికి డిక్కీ ఒక్కటే మిగిలింది. వెనకే కొడుకూ వచ్చాడు.

“నాలుగన్నారు కదా పెద్దాయనా!”

“కారు నాలుగింటికే అయింది. ఆలస్యం డిక్కీది. మీరేమన్నా డిక్కీ చూస్తూ నడుపుతారా?”

మేడమ్ పక్కున నవ్వి, బానెట్‌లో చూసుకుని జుట్టు సర్దుకుంది. డిక్కీ అయ్యేదాకా నిలబడి, వెళ్తూ వెళ్తూ, “వచ్చే వారం రెండో బండి తెస్తాను,” అంది.

కొడుకు గోడ వంక చూశాడు. బోర్డు అక్కడ లేదు. తాత దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, కడిగిన ప్యాడ్లు వరసగా ఆరబెట్టాడు.

“ఇంకాస్త పెద్దది రాయించలేకపోయావురా? రెండు ప్యాడ్లు పట్టట్లేదు!”