గొంతుల కింద రెండు ట్రాంబోన్లు

తొంభైల నాటి ఒక ఎన్నికల ఏడాది, ఏప్రిల్‌లో నన్ను జమ్మలమడుగు బందోబస్తుకు వేశారు. నేను పోలీసు బ్యాండులో హెడ్ కానిస్టేబుల్‌ని. నా వాద్యం ట్రాంబోను, ఊదే ఇత్తడి బాకా. దానికి మీటలుండవు, పొడుగాటి గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ స్వరం పట్టాలి. ఎన్నికలొస్తే మాత్రం బ్యాండువాళ్ల చేతికీ లాఠీయే.

అక్కడి చర్చిలో పాటల బృందాన్ని నడిపే రత్నమ్మ టీచరు మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారిని కలిసి, గుడ్ ఫ్రైడేకి ఇద్దరు ట్రాంబోను వాళ్లను అడిగారు. ఏటా ఆ రోజు నాలుగు గొంతుల్లో ఒక జర్మన్ కీర్తన పాడించడం ఆమె అలవాటు. మగవాళ్లలో పై గొంతు పాడేవాళ్లు ఒక పార్టీ, కింది గొంతు వాళ్లు ఇంకో పార్టీ. ఊళ్లో బాంబులు పడ్డాక ఒకరున్న చోటికి ఇంకొకరు రావడం లేదు. వాళ్ల గొంతుల చోటు మా ట్రాంబోన్లు నింపాలి. "ఈ యేడు పాట తప్పితే వీళ్లు మళ్లీ ఒక్కచోట నిలబడరు సార్" అన్నారట ఆమె. నన్నూ, బ్యాండులో నా జోడీ ఖాదర్‌నీ పంపారు.

రిహార్సల్లో నేను పరేడ్ మైదానంలో ఊదినట్టే ఊదాను. ఆడవాళ్ల గొంతులు ఎక్కడికో కొట్టుకుపోయాయి.

"ఏందప్పా, దొంగల్ని తరుముతాండావా? గొంతు కింద చెయ్యి పెట్టినట్టు ఊదు. పాడేటోళ్లు వచ్చినాంక నువ్వు ఈడున్నట్టే తెలీగూడదు" అన్నారు రత్నమ్మ. నాకు సిగ్గేసింది.

పాత జర్మన్ సంగీతకారులు ట్రాంబోనుకు వేరే వరస రాయకుండా, చాలాచోట్ల గాయకుల వరసే ఇచ్చారని ఆమె చెప్పారు. వాళ్లు ఊపిరి తీసుకున్న చోటే మేమూ తీసుకోవాలి. ఇంత గట్టి వాద్యానికి అణకువ నేర్పిన ఆ బుర్రలకు దండం పెట్టాలనిపించింది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఒక పార్టీ గేటు దగ్గర, రెండోది రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డాయి. మొదటి చరణం లోపల ఆడవాళ్లు పాడారు, మగవాళ్ల పై వరస నేనూ, కింది వరస ఖాదరూ ఊదాం. రెండో చరణంలో గేటు దగ్గర్నుంచి సన్నగా నా వరస పాడుతున్న గొంతులు వినిపించాయి. కాసేపటికి టీ కొట్టు వైపు నుంచి ఖాదర్ వరస. ఎవరి పాట వాళ్లు ఇంకొకరికి ఎంతసేపని వదిలేస్తారు?

మూడో చరణానికి ఇరుపక్షాలూ లోపలికొచ్చి, చెరో గోడవారన నిలబడి పాడాయి. రత్నమ్మ వాళ్లవైపు చూడనే లేదు, మావైపు చూసి అరచెయ్యి కిందికి దించారు. తగ్గించాం. చివరి చరణంలో ట్రాంబోన్లు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాం.

ఆ రోజు రిపోర్టులో 'అవాంఛనీయ సంఘటనలు లేవు' అని రాశారు. మా పేర్లు లేవు. మమ్మల్ని ఎవరూ మెచ్చుకోనూ లేదు. తోడు వాద్యం పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తు అదేనని నేను నేర్చుకున్నాను.