ఒక 'రు' ఎక్కువ

మా తోడల్లుడు ఉద్యోగంలో ఉన్నంతసేపూ మనుషులతో మాట్లాడడు, కార్లతోనే మాట్లాడతాడు. సాక్ష్యం లేనిదే ఎవరి గురించీ ఇంత మాట అనే అలవాటు నాకు లేదు కనుక ముందుగా సాక్ష్యం సమర్పిస్తాను.

అతని కొలువు వాహనాల పొగ పరీక్ష కేంద్రంలో. ఏడాదికోసారి ప్రతి కారూ అక్కడికి వచ్చి, పొగ గొట్టంలో సన్నని కడ్డీ పెట్టించుకుని, తాను గాలిని పాడుచేయడం లేదని రుజువు చేసుకోవాలి. ఆ కాగితం లేనిదే రిజిస్ట్రేషన్ కొనసాగదు. తప్పిన కారుకు బాగుచేయించుకుని రావడానికి రెండు వారాల గడువు. నిబంధనలు అంతవరకే. ఆపైనున్నదంతా మా తోడల్లుడి సొంత కవిత్వం.

"ఏమ్మా, ఎన్నాళ్ళనుంచీ ఈ దగ్గు?" అని ఓ పాత వ్యాను బానెట్ మీద చెయ్యివేసి అడుగుతాడు.

"మూడు నెలలైందండీ," అంటాడు యజమాని.

"మిమ్మల్ని కాదండీ, దాన్ని చెప్పనివ్వండి. చెప్పు తల్లీ. ఎయిర్ ఫిల్టరు మార్చలేదా? మరి నోరు తెరిచి అడగవేం? తప్పంతా నీదే!"

యజమాని చేతులు కట్టుకుని, తన వ్యాను చీవాట్లు తినడం జాలిగా చూస్తూ నిలబడతాడు.

నా కారుకూ ఈ మర్యాద జరిగింది. అందులో ఇంజను హెచ్చరిక దీపం వెలుగుతూ ఉండేది. అది వెలిగితే పరీక్ష అక్కర్లేకుండానే ఫెయిలు. ఆ దీపం కళ్ళలో పొడుస్తోందని మా ఆవిడ యాపిల్ పండు మీది స్టిక్కరు ఒలిచి దానిమీద అంటించింది. ఆ సంగతి నాకు తెలియదు. ఈ ఒక్క వాక్యాన్ని పాఠకులు నా మాట మీదే నమ్మవలసి ఉంటుంది.

మా తోడల్లుడు లోపలికి తొంగిచూశాడు. "అయ్యో, కంట్లో నలుసు పడిందా బంగారం?" అంటూ గోటితో స్టిక్కరు గీకేశాడు. "ఇంత జ్వరం దాచిపెట్టి వచ్చావా? పెద్దాయన పరువు తీస్తావా?" అని దాన్ని కేకలేశాడు. నా వైపు కన్నెత్తయినా చూడలేదు. ఫెయిలు మాత్రం చేశాడు.

గత నెలలో అతని భార్య, అంటే మా మరదలు, ఫోన్ చేసింది.

"బావగారూ, ఈయన మీద కంప్లయింటు వచ్చింది. ఇది మూడోది. ఈసారి ఫైళ్ళ గదికి మార్చేస్తారట. ఫైళ్ళకి పొగ గొట్టాలుండవు కదా, మాట్లాడే దిక్కులేక పిచ్చెక్కిపోతారు. మీరొచ్చి నాలుగు ముక్కలు చెప్పండి."

"తప్పు చేసి ఉంటే చెప్పను."

"అలాగే అంటారని తెలుసు. అయినా రండి."

వెళ్ళాను. మేనేజరు గదిలో ఓ ఫర్నిచర్ దుకాణం యజమాని బల్లమీద ఒక రిపోర్టు పరిచి ఉడికిపోతున్నాడు. అతని పెద్ద నల్లకారు వారం క్రితం పరీక్ష తప్పింది. రిపోర్టులో 'వాహన పరిస్థితి' అనే గడిలో మా తోడల్లుడి గుండ్రని చేతిరాత: 'పొగరు ఎక్కువ. రెండు వారాల్లో తగ్గించుకుని మళ్ళీ రావలెను.'

"నాకు పొగరా?" అని బల్ల గుద్దాడు యజమాని. "నలుగురూ అనుకుంటే అనుకోనీండి, గవర్నమెంటు కాగితం మీద రాస్తాడా? మా ఆవిడ దీన్ని ఫ్రేము కట్టిస్తానంటోందండీ! అదీ నా దుకాణంలోనే!"

మేనేజరు నవ్వు మింగడానికి మంచినీళ్ళు తాగాడు.

"పొగ అని రాయబోతే పక్కన 'రు' పడిపోయింది," అన్నాడు మా తోడల్లుడు. గదిలో కారు లేనందువల్ల టేబుల్ ఫ్యానుతో అన్నాడు.

నేను మేనేజరును అడిగి పాత రిపోర్టుల నకళ్ళు తెప్పించి చూశాను. ఏడాదిలో 'పొగ ఎక్కువ' అని నూట పదకొండు సార్లు రాశాడు. ఒక్కచోటా 'రు' జారలేదు. పొరపాటు వాదన నిలవదు. బంధుత్వం వేరు, న్యాయం వేరు. బరువెక్కిన మనసుతో గాలి పీల్చుకుందామని వరండాలోకి వచ్చాను.

అక్కడ నల్లకారు డ్రైవరు కాచుకుని ఉన్నాడు.

"అయ్యా, ఈ సారుని మార్పించకండి. ఆ రోజు కారు ఫెయిలవగానే మా అయ్యగారు నామీద లేచారు. సర్వీసుకిద్దామని రెండు నెలలుగా నేనే మొత్తుకుంటున్నాను, తీరికలేదన్నారు. అయినా 'అంతా నీవల్లే, తాళాలిచ్చి పో' అన్నారు. ఇచ్చేశాను కూడా. సరిగ్గా అప్పుడే ఈ సారు ఆ కాగితం అయ్యగారి చేతిలో పెట్టారు."

"తరవాత?"

"తరవాతేముందండీ, అది చదవగానే నేనసలు గుర్తే లేను. 'ముందు వీడి అంతు చూడాలి, పోనీ బండి!' అని తాళాలు నామీదికే విసిరారు. వారమైంది. కంప్లయింటు పనిమీద రోజూ నేనే తిప్పుతున్నాను."

చేతిలోని నకళ్ళు మళ్ళీ తిరగేశాను. నూట పదకొండు కార్లు తిట్లు తిన్నాయి. ఒక్క మనిషీ తినలేదు. ఆ మనుషుల్లో నేనూ ఒకణ్ణి.

లోపలికి వెళ్ళి యజమానిని అడిగాను. "ఈ గడి పేరేమిటో చదవండి."

"వాహన పరిస్థితి."

"యజమాని పరిస్థితి అని లేదు కదా? పొగరు కారుది. మీరు అనవసరంగా మీదేసుకున్నారు."

"కారుకి పొగరేమిటండీ?"

"రెండు నెలలుగా సర్వీసుకు వెళ్ళనని భీష్మించుకుని కూర్చున్న దాన్ని మరేమంటారు?"

యజమాని కిటికీలోంచి డ్రైవరు వైపు ఓసారి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నిజమేనండీ," అన్నాడు గొంతు సవరించుకుని. "మహా మొండిది. ఎంత చెప్పినా వినదు."

మేనేజరు 'రు' కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. క్షమాపణ మాత్రం చెప్పి తీరాలన్నాడు యజమాని. మా తోడల్లుడు వెంటనే బయటికి నడిచి, నల్లకారు ముందు నిలబడి, "తప్పయిపోయింది తల్లీ, నలుగురిలో అన్నాను," అన్నాడు.

ఇది చెల్లుతుందా లేదా అని యజమాని కాసేపు ఆలోచించాడు. చివరికి డ్రైవరుతో, "రేపు పొద్దున్నే దీన్ని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళు. మారాం చేస్తే నా పేరు చెప్పు," అన్నాడు.

మా తోడల్లుణ్ణి నా కారులో ఇంటికి తీసుకొస్తూ నిలదీశాను. "నిజం చెప్పవయ్యా. ఆ 'రు' జారిందా, కావాలని రాశావా?"

అతను ముందుకు వంగి డాష్‌బోర్డును మెల్లగా తట్టాడు. "నువ్వు మాత్రం చెప్పకమ్మా. అన్నగారు సాక్ష్యం రాసుకుంటారు."

నా కారు కిక్కురుమనలేదు. ప్రతికూల సాక్ష్యం ఏదీ లేనందున విచారణ అంతటితో ముగించాను.