కర్టెన్ తాళ్ళ కుర్చీ

“అప్పుడు ఆ కౌంటర్ పిల్ల ఏమందో తెలుసా తమ్ముడూ? ‘సార్, మీరు కూడా కూర్చోండి’ అని ఈయన ముందు ఇంకో చక్రాల కుర్చీ తెచ్చి పెట్టింది. ‘నాకు కాళ్ళు దివ్యంగా ఉన్నాయమ్మా, కళ్ళే లేవు’ అంటాడీయన. ‘పర్లేదు సార్, సహాయం కావాలని రాసినవాళ్ళందరికీ కుర్చీయే ఇస్తాం’ అంటుంది. కళ్ళు లేకపోతే కాళ్ళకి కూడా తాళం వేసేస్తారన్నమాట, పెద్దపెద్ద ఎయిర్‌పోర్టుల్లో!”

టైలరక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఒళ్ళో ఎవరిదో ప్యాంటు పెట్టుకుని, బ్లేడుతో పాత కుట్లు విప్పుతూ చెబుతోంది. నేల మీద ఆవిడ భర్త, మా వీధివాళ్ళందరికీ బావగారు, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆయన ముందు అక్క కుర్చీ తలకిందులుగా ఉంది. ఎడమ చక్రాన్ని వేలితో ఒక్క తిప్పు తిప్పి, చెవి ఒగ్గి విన్నారు. చక్రం మూడు చుట్లు తిరిగి, కిర్రుమని ఒరిగి ఆగిపోయింది.

“ఇంకా వంకరే,” అన్నారు.

“పొద్దుట్నుంచీ ఇరవైసార్లు తిప్పారు. మీ తిప్పుడికి సిగ్గుపడి అదే నిటారవుతుందా?”

వాళ్ళ దుకాణం వీధి చివర ఉంది. సగంలో అక్క చేత్తో తిప్పే కుట్టుమిషను, సగంలో బావగారి కుర్చీల అల్లిక. ప్రయాణం నుంచి వచ్చి తొమ్మిది రోజులయినా ఆ దుకాణం ఇంకా తెరవలేదు. పదమూడు బడి యూనిఫాములు కత్తిరించినవి కత్తిరించినట్టే బల్ల మీదున్నాయి. ఎదురుగా కొత్తగా కొట్టు పెట్టిన టైలరు వాళ్ళ గిరాకీని ఒక్కొక్కరినే పలకరిస్తున్నాడని వీధంతా తెలుసు. కుర్చీ కదలకపోతే అక్క మిషను దగ్గరికి చేరలేదు. అక్క చేరకపోతే బావగారూ వెళ్ళరు. “నేను లేకుండా వెళ్తే ఈయన కుర్చీ అల్లుతాడు, కానీ ఎవరి కుర్చీ ఎవరికిస్తాడో దేవుడికే తెలియాలి,” అంటుంది అక్క.

మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి అక్క కాళ్ళు పోయాయి. నడుం కూడా ఒక పక్కకి వంగింది. బావగారు పుట్టుకతోనే చూపులేనివారు. ఇద్దరూ కలిసింది ఒక శిక్షణ కేంద్రంలో. ఆవిడ కుట్టు నేర్చుకునేది, ఆయన అల్లిక. మొదటి రోజే అక్క ఆయన దగ్గరికి జరిగి, “మీ అల్లికలో మూడు కంతలు తప్పాయి,” అందట. “తప్పులు చూసేవాళ్ళకి కనిపిస్తాయి, కూర్చునేవాళ్ళకి కాదు,” అన్నారట ఆయన. పెళ్ళయ్యాక అక్క నడుం వంపుని చేత్తో కొలిచి, చెక్క కుర్చీకి చక్రాలు బిగించి, ఒక పక్క బిగువుగా, ఒక పక్క వదులుగా నైలాను వైరుతో సీటు అల్లి ఇచ్చారు. వేరే ఏ సీటులో కూర్చున్నా రెండో రోజుకి ఆవిడకి పుండు పడుతుంది.

వాళ్ళు వీధిలో వెళ్ళే తీరు చూడవలసిందే. వెనక నుంచి ఆయన తోస్తారు, ముందు నుంచి ఆవిడ చూస్తుంది. నోటితో ఒక్క మాట చెప్పదు. చెక్క చేతి మీద వేలితో కొడుతుంది. ఒకసారి కొడితే ఎడమ, రెండుసార్లు కొడితే కుడి, అరచెయ్యి ఆనిస్తే ఆగమని. ఆ అదురు పిడిదాకా వచ్చి ఆయన చేతికి తెలుస్తుంది. దెబ్బలాడుకున్న రోజు మాత్రం ఆవిడ చెయ్యి ముడుచుకుని కూర్చుంటుంది. ఆ రోజు బండి సరాసరి కరెంటు స్తంభానికి తగులుతుంది. “పంతానికి పోయి ఇద్దరం దెబ్బ తిన్నాం,” అని నవ్వేది కూడా ఆవిడే.

ఇలాంటివాళ్ళకి పదహారు గంటల విమాన ప్రయాణం, అదీ మహారాజుల తరగతిలో, ఎలా తగులుకుందంటే పరుపుల కొట్టువాడి లక్కీ డ్రాలో. పాత పరుపు కుంగిపోయిందని కొత్తది కొన్నారు. బిల్లుతోపాటు ఇచ్చిన కూపన్ మీద అక్క పేరు రాసి డబ్బాలో వేసింది. ఆరు వారాల ప్రచారం తర్వాత మొదటి బహుమతి, విదేశంలో సముద్రం ఒడ్డు హోటల్లో ఇద్దరికి బస, ఆ కూపన్‌కే వచ్చింది.

“పరుపులవాళ్ళ తరఫున మొదటిసారి ఫోన్ చేసినాయన గొంతు పెళ్ళివారి గొంతులా ఉంది,” అంది అక్క. “నేను కుర్చీ సంగతి, ఈయన కళ్ళ సంగతి చెప్పాను. గొంతు తద్దినం గొంతయిపోయింది. ‘మళ్ళీ చేస్తాం మేడమ్’ అన్నాడు. రెండో రోజు ఒకావిడ చేసింది. తేనె ఒలికిపోతోంది! ‘మీరే మాకు కావలసిన జంట’ అంది. ఇన్నేళ్ళలో ఈయన కూడా ఆ మాట నాతో అనలేదు.”

“అనే సందిస్తే కదా,” అన్నారు బావగారు, చక్రం దగ్గర నుంచి.

ఆ ఫోన్ చేసినావిడే ప్రచారం ఫోటోల కోసం ప్రయాణం పొడుగునా ఫోటోగ్రాఫరుతో వెంట ఉంది. ఏడుపొచ్చే మాట చెప్పినా నవ్వుతూనే చెబుతుంది కనుక అక్క ఆవిడకి నవ్వుల మేడమ్ అని పేరు పెట్టింది. ఎయిర్‌పోర్టులో అక్క కుర్చీని సామాన్లలో వేసేశారు. ఇద్దరినీ చెరో కంపెనీ కుర్చీలో కూర్చోబెట్టి, చెరో మనిషి చెరో దారిన తోసుకుపోయారు. ముప్ఫై ఏళ్ళుగా కలిసున్న జంటని రెండు నిమిషాల్లో రెండు పార్సిళ్ళు చేసేశారు.

“ఖరీదైన వాళ్ళు కూర్చునే గది ఒకటుంటుంది. అందులో దింపారు నన్ను,” అన్నారు బావగారు. “పక్కన బట్టల చప్పుడయితే మీ అక్కే అనుకున్నాను.”

“ఇరవై నిమిషాలు మా చెల్లెల్ని తిట్టాడు తమ్ముడూ! పెళ్ళిలో మర్యాద చెయ్యలేదని, వడ్డించిన అప్పడం కూడా విరిగిందేనని. అన్నీ విని, ఆ పక్కనున్న పెద్దాయన లేచి వెళ్తూ, ‘మీ మరదలి తప్పేమీ నాకు కనిపించలేదండీ’ అన్నాడట.”

“ఆయనకీ కనిపించదేమో పాపం,” అన్నారు బావగారు.

విమానంలో సీటు మీట నొక్కితే మంచమైంది, ఇంకోటి నొక్కితే వీపు పట్టింది. తాగడానికి పదహారు రకాలు తెచ్చారు. అక్క ఒక్క గుక్క కూడా ముట్టలేదు. కారణం బాత్రూమ్ తలుపు. లోపల గులాబీ పువ్వు, మూడు రకాల అత్తరు, మెత్తటి తువ్వాళ్ళు. ఇవన్నీ ఆవిడ తలుపు బయట నుంచే చూసింది. లోపలికి తీసుకెళ్ళే సన్న కుర్చీ ఒకటి ఉందట, అది ఆ రోజు వేరే విమానంలో ఉందట. “గంటకో గ్లాసు తెచ్చి ‘ఏమైనా తాగుతారా’ అని అడగడం. పదహారు గంటలు నోరు కట్టుకుని కూర్చున్నాను. రాజభోగం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.”

పైగా అక్కకేం కావాలో బావగారిని అడిగేవారు, బావగారికేం కావాలో అక్కని అడిగేవారు. రెండోసారి అడిగేసరికి వీళ్ళు ఆట మొదలుపెట్టారు. ఆయనకి నచ్చని పుట్టగొడుగుల వేపుడు ఆయనకని అక్క చెప్పింది. అక్కకి గిట్టని చప్పిడి చేప అక్కకని ఆయన చెప్పారు. తర్వాత గిన్నెలు మార్చుకున్నారు. సేవ చేసే అమ్మాయి కళ్ళు తుడుచుకుని, “ఎంత ప్రేమ!” అందట.

హోటల్లో గది పేరు సంపూర్ణ సౌలభ్య సూట్. పన్నెండు కిటికీలు, అన్నింటికీ సముద్రం. గది గుమ్మం ముందు ఒక మెట్టు.

“‘ఒక్క మెట్టే కదండీ’ అంటారు. పర్వతం ఎక్కేవాడికి కూడా ఒక్క పర్వతమే,” అంది అక్క. మెట్టు మీద వేసే చెక్క వాలు ఉందట. అది సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారట. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడట. అంచేత అక్క బయటికి రావాలంటే నలుగురు వచ్చి, నలుగురూ నమస్కారం పెట్టి, పల్లకీలా ఎత్తేవారు. అందుకే ఆవిడ బయటికి వెళ్ళడం మానేసింది.

అసలు దెబ్బ అది కాదు. అక్క కుర్చీ విమానం దిగలేదు. ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బదులుగా బంగారు రంగు పూసిన కుర్చీ, తోలు మెత్త ఇచ్చారు. దాంట్లో కూర్చోబెట్టే ఒడ్డుకి మోసుకెళ్ళి ఫోటో తీశారు. “‘సార్, సూర్యాస్తమయాన్ని చూస్తున్నట్టు ఉండండి’ అంది నవ్వుల మేడమ్. ఈయన మొహానికి ఎండ తగిలిన వైపు తిరిగాడు. పడమర అదే కదా! ‘అటు కాదు సార్, ఇటు, లైటు బాగుంటుంది’ అని తూర్పుకి తిప్పింది. సూర్యుడెక్కడున్నాడో ఆ గుంపు మొత్తంలో తెలిసినవాడు ఈయనొక్కడే.”

మూడో రోజుకి అక్క నడుం కింద పుండు లేచింది. డాక్టరు వచ్చి బోర్లా పడుకోమన్నాడు. “పన్నెండు కిటికీల సముద్రం పెట్టుకుని రెండు రోజులు కార్పెట్ చూశాను. ఎనిమిది రేకుల పువ్వు. ప్రతి మూడో పువ్వులో కుట్టు తప్పింది.” ఈ మాట అంటున్నప్పుడు ఆవిడ నవ్వలేదు. విప్పుతున్న కుట్టు దగ్గర బ్లేడు ఆగిపోయింది. “నాకు కుర్చీ పోయిందని కాదు తమ్ముడూ. ఈయనకి తొయ్యడానికి ఏమీ లేక, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది చూడలేకపోయాను.”

నాలుగో రోజు మధ్యాహ్నం కుర్చీ వచ్చింది. ప్లాస్టిక్ చుట్టి, శాటిన్ రిబ్బను కట్టి, ‘క్షమించండి’ అని కార్డు పెట్టి మరీ పంపారు. లోపల ఏమైనా దాచారేమోనని తనిఖీవాళ్ళు సీటుని కత్తితో అడ్డంగా, నిలువుగా కోసేశారు. ఎడమ చక్రం ఇరుసు వంగిపోయింది.

తెగిన వైర్లని బావగారు ఒక్కొక్కటే తడిమారట. తర్వాత అడిగిన మాట ఒక్కటే. “ఈ గదిలో తాళ్ళేమున్నాయి?”

అక్క తలెత్తి చూసింది. కర్టెన్లకి బొటనవేలి లావు బంగారు తాళ్ళు, చివర కుచ్చులు. ఒకటి తెప్పించుకుని ఆయన పంటి కింద పెట్టి కొరికారు. “పట్టు అని చెప్పుకుంటున్నారు గానీ నైలానే. పైన మెరుగు, అంతే. మనకి పనికొస్తుంది.”

మర్నాడు పొద్దున మొదలుపెట్టారు. అక్క బోర్లా పడుకునే ముడులు విప్పి తాళ్ళు అందించింది. మధ్యాహ్నం నవ్వుల మేడమ్ ఫోటోగ్రాఫరుతో వచ్చి, చప్పట్లు కొట్టి, “సార్, ఒక్కసారి ఇటు నవ్వండి!” అంది. అక్క తలెత్తకుండానే చెప్పింది. “ఆయనకి వెలుగు అక్కర్లేదు, నాకు కావాలి. కిటికీకి అడ్డం తప్పుకోండి.”

సాయంత్రానికి సీటు తయారైంది. వెనకాల ఆరు కుచ్చులు ఊరేగింపు ఏనుగు మీదలా వేలాడుతున్నాయి. కూర్చుంటే పుండుకి ఎక్కడా తగల్లేదు. చక్రం వంకర వల్ల బండి ఎడమకే లాగుతోంది. అక్క వేలు నొప్పెట్టేలా కుడికి కొడుతూ ఉంటే ఆయన తోశారు. మెట్టున్న గుమ్మం వదిలేసి, అప్పటిదాకా ఎవరూ చెప్పని, సామాన్లు తెచ్చే వెనక తలుపు నుంచి వెళ్ళి, వంటగది దారి పట్టారు. అక్కడ దొరికింది వాళ్ళకి, చక్కగా సిమెంటు చేసిన నున్నటి వాలు.

“కూరగాయల బండి కోసం కట్టారు,” అంది అక్క. “వంకాయకి ఉన్న గౌరవం నాకు లేకపోయింది చూడు! సర్లే, వంకాయ దారినే వెళ్ళి పెరట్లో సముద్రం చూశాం.”

“ఉప్పు వాసన, గిన్నెలు తోమే సబ్బు వాసన,” అన్నారు బావగారు, ఇష్టంగా. “ప్రయాణమంతటికీ అదొక్కటే బాగుంది.”

తిరిగి వచ్చేటప్పుడు ఆయన చక్రం వదలకుండా పట్టుకుని కూర్చుంటే, చివరికి కుర్చీని విమానంలో కోట్లు తగిలించే అలమరలో పెట్టారు. అక్కడ చోటుందని అప్పుడు బయటపడింది. ఇంటికొచ్చాక ఇరుసుని సైకిల్ మెకానిక్ రెండుసార్లు సాపు చేశాడు. రెండుసార్లూ వంగింది. మూడోసారి కొడితే విరుగుతుందన్నాడు. కొత్త ఇరుసు పోత పోయించాలి. పోయించి ఇస్తామని విమాన కంపెనీ ఒప్పుకుంది. ఒప్పుకుని, ఒక ఫారం పంపింది.

అక్క దిండు కింద నుంచి ఆ ఫారం తీసి నాకిచ్చింది. తయారీ సంస్థ ధ్రువపత్రం, సంస్థ సీలుతో సహా జతపరచాలి అని ఉంది.

“ఫోన్ చేశాను. ‘తయారు చేసిందెవరు మేడమ్?’ ‘మా ఆయన.’ ‘సంస్థ పేరు?’ ‘మా ఆయనే.’ ‘సీలు ఉందా?’ ‘ఆయన చెయ్యి పడని కంత లేదు దాంట్లో.’ ‘సీలు లేకపోతే సిస్టమ్ తీసుకోదు మేడమ్.’ కోసేటప్పుడు ఏ సీలూ అడగలేదు మరి! మధ్యలో హోటల్ వాళ్ళ ఉత్తరం ఒకటి, మా కర్టెన్ తాళ్ళు ఏవండీ అని. వచ్చి నా కింద నుంచి లాక్కోమని రాశాను.”

“ఊరుకుందామోయ్. నేను ఎత్తుకుని తీసుకెళ్తాను దుకాణానికి,” అన్నారు బావగారు.

“ఎత్తుకుని ఎటు వెళ్తారు? చేతుల్లో నేనుంటే కొట్టి చెప్పడానికి చెక్క ఎక్కడుంది? మీ నెత్తి మీద కొట్టనా?” ఆవిడ నా వైపు తిరిగింది. “ఎదురు కొట్టువాడు నిన్న మనకి యూనిఫాములిచ్చిన ఒక పిల్ల తల్లిని పిలిచి కూర్చోబెట్టాడట. ఇంకో వారం పోతే ఆ పదమూడూ వాడివే. సీలు కావాలన్నారు కదా, సీలే ఇద్దాం. స్టాంపులు చేసేవాడు ఆరింటికి కొట్టు కట్టేస్తాడు. కాగితం తీసుకో, రాసుకో. ‘ఇంటర్నేషనల్ చక్రాల కుర్చీల తయారీ సంస్థ.’”

“ఇంటర్నేషనల్ ఎందుకే?” అన్నారు బావగారు.

“అంతదూరం వెళ్ళి కోయించుకొచ్చింది కదా కుర్చీ! కింద మీ పేరు, పక్కన ప్రొప్రైటర్ అని. తమ్ముడూ, గుండ్రంగా చేయించు. గుండ్రంగా లేకపోతే వాళ్ళు నమ్మరు. ఊదా రంగు సిరా డబ్బా కూడా పట్టుకురా. లే, లే, ఐదున్నరయింది.”