మిర్యాలగూడ బస్సులో వచ్చిన బ్యాటరీ

మొన్న కొత్త లాప్‌టాప్ కొంటూ, దీని బ్యాటరీ ఎట్లా ఊడదీయాలని అడిగితే, దుకాణంలోని అమ్మాయి నన్ను పోస్టుకార్డు అడిగినవాణ్ణి చూసినట్టు చూసింది. అది లోపలే ఉంటుందట, మనం ముట్టుకోనక్కర లేదట. మంచిదే. కానీ ఒక బ్యాటరీ కోసం మూడు ఊళ్లు తిరిగినవాడికి ఆ మాట అంత తొందరగా మింగుడుపడదు.

అప్పుడు మేము సూర్యాపేటలో ఉండేవాళ్లం. బడిలో పాఠాలు చెప్పే మా అక్క, వరినాట్ల పాటల మీద ఎం.ఫిల్. వ్యాసం రాస్తూ, అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించుకుని, ఈసారి దాటితే పేరు కొట్టేస్తామని యూనివర్సిటీ వాళ్ల చేత అనిపించుకుని ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క లాప్‌టాప్ ముసలిది. కరెంటు పోయిన కాసేపటికే అదీ పోయేది, అక్క అప్పటిదాకా టైపు చేసిన పాటలను వెంట తీసుకుని. కరెంటు మాత్రం పోతానన్న వేళకు నిక్కచ్చిగా పోయేది, రావడంలోనే కొంత మొహమాటం.

అమ్మ ఆ బ్యాటరీని, రేడియో సెల్లులను పెట్టినట్టే, డాబా మీద మిరపకాయల పక్కన ఎండబెట్టింది. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన నేను వద్దనాల్సింది పోయి, సాయంత్రం దాకా ఆశగా కాపలా కాశాను. తర్వాత అది నాలుగు నిమిషాలు పనిచేసింది. ఎండబెట్టక ముందు అయిదు పనిచేసేది.

ఇగ లాభం లేదని దాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని, జతకు గాజు వెతికేవాడిలా సూర్యాపేట దుకాణాలన్నీ తిరిగాను. ఆ మోడల్ ఆగిపోయిందన్నారు. కోదాడలో ఒకాయన ఎంతో మర్యాదగా, బ్యాటరీ అయితే లేదండి, కొత్త లాప్‌టాప్ అయితే ఉందండి అన్నాడు. నా ముఖం చూసి జాలిపడి, మిర్యాలగూడలో ఒక మిల్లు గుమస్తా దగ్గర సరిగ్గా ఇట్లాంటిదే ఉన్నదని కూడా చెప్పాడు.

మిర్యాలగూడలో బియ్యం తప్ప మరొకటి దొరుకుతుందన్న నమ్మకం లేకుండానే పోయాను. గుమస్తా బ్యాటరీ భేషుగ్గా ఉంది, అందుకే ఇవ్వనన్నాడు. మిల్లు పనంతా దాని మీదే నడుస్తున్నదట. నేను వేరే దారి లేక అక్క నాట్ల పాటల గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన సొంతూరు పాలకీడు, వాళ్లమ్మ ఒకప్పుడు నాట్లలో పాట ఎత్తుకునే మనిషి. ఆయన, ఆదివారం మిల్లు బందు కనుక శనివారం సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చి పంపుతానని, సోమవారం మొదటి బస్సుకు తిరిగి పంపాలని, వాళ్లమ్మ పాట కూడా వ్యాసంలో ఎక్కాలని షరతు పెట్టాడు. ఆమె ఫోన్‌లో పాడితే అక్క రాసుకుంది.

రెండు ఆదివారాలు సక్రమంగా గడిచాయి. మూడో శనివారం, అంటే గడువుకు ముందరి ఆఖరి శనివారం, బస్సు వచ్చింది గానీ బ్యాటరీ రాలేదు. అక్క అన్నం ముట్టకుండా లోపలికి పోయి పడుకుంది. అది మా ఇంట్లో ఏడుపు కన్నా పెద్దది.

తెల్లవారి ఇంటి ముందు మోటార్‌సైకిల్ ఆగింది. దాని మీద గుమస్తా, వెనుక, ఈసారి బస్సులో పంపనీయకుండా తానే తెస్తానని ఒడిలో బ్యాటరీ పెట్టుకుని వాళ్లమ్మ. ఆమె అరుగు మీద కూర్చుని, నీళ్లు కూడా తాగకముందే అక్కను పిలిచింది.

“వీని బ్యాటరీ సంగతి నాకెందుకు గానీ బిడ్డా, నా పాట ఏం రాసినవో చదువు.”

అక్క చదివింది. గుమస్తా తల్లి నాలుగు చరణాల్లో మూడు తప్పులు పట్టుకుని, ఫోన్‌లో పాడితే గిట్లనే అయితదని తానే మళ్లీ పాడింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే కరెంటు పోయింది. ఎవరూ కదల్లేదు. ఆమె పాడుతూనే ఉంది, అక్క టైపు చేస్తూనే ఉంది, వాకిట్లోకి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు వంత అందుకున్నారు, అమ్మ అందరికీ అన్నం వండింది. కరెంటు వచ్చేసరికి వ్యాసం పూర్తయింది.

ఇప్పుడు కరెంటు పోవడం లేదు, ఏ వస్తువైనా అడిగిన రెండో రోజుకు గుమ్మంలో ఉంటున్నది. ఇందులో ఫిర్యాదు చేయడానికి ఏమీ లేదని నాకూ తెలుసు. కాకపోతే ఏ లోటూ లేకపోవడంతో, ముక్కూముఖం తెలియని వాళ్ల ఇంటికి పోయి కూర్చోవడానికి ఒక్క సాకు కూడా దొరకడం లేదు.