కథ చదవడానికి వచ్చిన మల్లిక

నాగర్‌కర్నూల్‌లో మా లైబ్రరీ వారోత్సవాలకు ట్రాన్స్‌జెండర్లనూ పిలుద్దామని లైబ్రేరియన్‌గా నేనే పట్టుబట్టాను. మల్లిక ఒక్కతే వచ్చింది, తను రాసిన కథ చదవడానికి. ఆమె మైకు అందుకోబోతుంటే సభకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆమె చేతిలో గుమ్మడికాయ పెట్టాడు.

“జర మన లైబ్రరీ కొత్త బిల్డింగుకు దిష్టి తియ్యమ్మా. మీ చేత్తో తీస్తే మంచిది.”

“నేను కథ చదవనీకి వచ్చిన సార్.”

“కథ తర్వాత సదువుదువు గాని.”

ఇది కథల సభ అని నేనంటూనే ఉన్నాను. మల్లిక దిష్టి తీసి, గుమ్మం ముందు కాయ పగలగొట్టింది. అందరూ ఆమెకు దండం పెట్టి టిఫిన్లకు వెళ్లిపోయారు.

ఖాళీ కుర్చీలను చూసి, కథ మడిచి సంచిలో పెట్టుకుంది.

“ఇంకోపారి పిలిస్తే గుమ్మడికాయ నేనే తెస్త అక్కా.”

కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగిందని ఇప్పటికీ అంటారు. ఆమె కథేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. నాకు కూడా.