కాదు మామయ్య, నా నవల

మా మామయ్య ఎవరేమన్నా ‘కాదు’ అనేవాడు. కోపంతో కాదు, పంతంతో కాదు. మనం ఊపిరి పీల్చినట్టు ఆయన కాదనేవాడు. ఎండగా ఉందంటే కాదు, మబ్బేసిందంటే అసలే కాదు. ఒకసారి దారిన పోయే మనిషి దుకాణంలోకి తొంగి చూసి “నాలుగైందాండీ?” అని అడిగాడు. మామయ్య “కాదు” అనేశాడు. తర్వాత గడియారం చూశాడు. సరిగ్గా నాలుగు. “మీరడిగినప్పుడు కాలేదు,” అని సర్దుకున్నాడు.

అత్తయ్య చెప్పేది: “మా నాన్న మర్యాద కోసం ‘మా అమ్మాయి మీకు తగదేమో బాబూ’ అన్నాడే. ఈయన ‘కాదు’ అన్నాడు. నా పెళ్ళి అలా అయింది.”

అలాంటి మనిషి నడిపింది కళ్ళద్దాల దుకాణం. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ట్రయల్ ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి “ఇది బాగుందా, ఇందాకటిదా?” అని అడగడమే ఆయన పని.

“ఇందాకటిదేనండీ.”

“కాదు. మళ్ళీ చూడండి.”

“కళ్ళు నావి కదండీ!”

“కళ్ళు మీవే. చూడ్డం మీకు రావడం లేదు.”

పాపం ఆ మనిషి మళ్ళీ చూసేవాడు, ఈసారి శ్రద్ధగా. నిజంగానే రెండోదే బాగుండేది. అందుకే తిట్టుకుంటూనైనా ఊరంతా ఆయన దగ్గరికే వచ్చేది. ముసలావిడ ఎవరైనా అద్దంలో చూసుకుని “ఈ వయసులో నాకు ఈ ఫ్రేము ఏం బాగుంటుంది నాయనా” అంటే, ఆవిడకీ అదే జవాబు. ఆవిడ మాత్రం తిట్టుకునేది కాదు. ఇంకోసారి అద్దంలో చూసుకుని, జుట్టు సర్దుకుని వెళ్ళేది.

ఇక నా సంగతి. నేను మొదటి నవల రాశాను. పేరు ‘రెండో తాళంచెవి’. ఒక సంగీతం టీచరు మేడ కింద వాటాలో అద్దెకు దిగుతుంది. మేడ మీద ఇంటాయన ఒంటరివాడు. ఆయన్ని ప్రేమిస్తుంది. ఆయనే తన భార్యని చంపాడేమోనని భయపడుతుంది. పైన తాళం వేసిన గది ఒకటి ఉంది. అంతే కథ.

అభిప్రాయాలు మొదలయ్యాయి. మా పక్కింటావిడకి ప్రేమ నచ్చింది, శవం నచ్చలేదు. వాళ్ళాయనకి శవం నచ్చింది, ప్రేమ నచ్చలేదు. మా అన్నయ్య హంతకుడు సంగీతం టీచరేనని నేటికీ వాదిస్తాడు, చివరి పేజీ చూపించినా సరే. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఒక వారపత్రిక రాసిన వాక్యం మాత్రం గుచ్చుకుంది: ‘ప్రేమ కోసం చదివేవాళ్ళకి ఇందులో భయం అడ్డం, భయం కోసం చదివేవాళ్ళకి ప్రేమ అడ్డం.’

రెండో నవల అప్పటికి సగం రాసి ఉంది. దాన్ని బీరువా మీదికి తోసేసి, దుకాణానికెళ్ళి మామయ్యకి చెప్పాను.

“నాకు రాయడం చేతకాదు మామయ్యా. ఇక మానేస్తున్నాను.”

“కాదు,” అన్నాడు, లెన్సు తుడుచుకుంటూ.

నేను పట్టించుకోలేదు. రోజుకొకటి రాస్తానన్నా అదే అనేవాడుగా!

ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది. దగ్గరి చూపు పరీక్షించడానికి చేతికిచ్చే రీడింగు కార్డు దుకాణంలో కనిపించకుండా పోయింది. దాని బదులు మామయ్య నా నవల తీసి, ఒక పేజీ తెరిచి చదవమనేవాడు. సంగీతం టీచరు తాళంచెవి తిప్పుతుంది, తలుపు కిర్రుమంటుంది, అక్కడితో పేజీ అయిపోతుంది.

“తర్వాతేమైందండీ?” అనేవాళ్ళు, పేజీ తిప్పబోతూ.

మామయ్య పుస్తకం లాక్కునేవాడు. “ముందు అద్దాలు తయారవనివ్వండి. అప్పుడు ఇంటికిస్తాను, చూపు సరిపోయిందో లేదో అక్కడ చదివి చూసుకోండి.”

నా కళ్ళద్దాల స్క్రూ వదులై ఒకరోజు దుకాణానికెళ్ళాను. వెనక గదిలో కూర్చుని నేనే బిగించుకుంటున్నాను. తెర అవతల ఆస్పత్రి నర్సమ్మ గొంతు వినిపించింది.

“ఏం పుస్తకమండీ బాబూ! డ్యూటీకి లేటయ్యాను. ఆ అమ్మాయి తలుపు తీసేచోట పుస్తకం మూయలేకపోయాను.”

నా మనసు గాల్లో తేలింది.

“కాదు,” అన్నాడు మామయ్య. “ఏముందమ్మా అందులో? హంతకుడని అనుమానం ఉన్నవాణ్ణి ఎవరైనా ప్రేమిస్తారా? పోనీ ప్రేమించింది. ఆ గదిలోకి ఒంటరిగా, టార్చిలైటైనా లేకుండా వెళ్తుందా? ఆ పిల్లకి బుద్ధి లేదు. రాసినదానికి అంతకన్నా లేదు.”

నా చేతిలో స్క్రూ జారి ఎక్కడికో పోయింది.

“బుద్ధి లేక వెళ్ళలేదండీ ఆ అమ్మాయి!” నర్సమ్మ గొంతు పెంచింది.

“మరెందుకు వెళ్ళింది?”

“ఉండండి. ఇంటికెళ్ళి మళ్ళీ చదువుకొచ్చి చెప్తా మీ సంగతి!”

ఆవిడ అటు వెళ్ళగానే రిటైరైన బ్యాంకు ఆఫీసరుగారు వచ్చి, పుస్తకం బల్ల మీద పడేసిన చప్పుడైంది. “శుద్ధ దండగ. వానలో ఇద్దరూ ఒకే గొడుగు కింద నడవడానికి ఒక అధ్యాయమా? ఆ ముక్క తీసేస్తే కథకొచ్చిన నష్టమేమీ లేదు.”

“కాదు సార్. అసలు గుట్టంతా ఆ గొడుగు కిందే ఉంది. మీకు కనిపించలేదు. ఏదీ, ఆ అద్దాలు ఇలా ఇవ్వండి, పవరు చూస్తాను.”

“నా పవరు సరిగ్గానే ఉంది!”

“కాదు.”

“ఇటివ్వండి ఆ పుస్తకం! అందులో ఏమీ లేదని రుజువు చేసుకొస్తాను!”

ఆ గొడుగు కింద ఏ గుట్టూ లేదు. నాకు తెలుసు, రాసింది నేనే.

ఆయన వెళ్ళగానే తెర తోసుకుని వచ్చాను. “నాకు బుద్ధి లేదా మామయ్యా? ఆ మాట నాతో అనలేక ఊరందరితో అంటున్నావా?”

“కాదు.”

“ఏది కాదు?”

“అదే.”

టీ తెచ్చిన అత్తయ్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. “పిచ్చిదానా, నర్సమ్మ బాగుందన్నప్పుడు ఈయన కూడా అవునంటే ఏమయ్యేది? అద్దాలు పెట్టుకుని వెళ్ళిపోయేది, సాయంత్రానికి నీ కథ మర్చిపోయేది. ఇప్పుడు చూడు, దానికోసం కత్తి పట్టుకుని వస్తుంది. పుస్తకం మనదనిపించాలంటే దాని తరఫున ఒకసారైనా పోట్లాడాలట. నాతో చెప్పాడులే.”

“చెప్పలేదు,” అన్నాడు మామయ్య.

“ఆ రీడింగు కార్డు ఎక్కడుందో కూడా చెప్పమంటారా?”

ఆయన గబగబా టీ తాగేశాడు.

ఆదివారం నేనూ దుకాణంలో ఉండగా ఇద్దరూ ఒకేసారి దిగారు. ముందు ఆఫీసరుగారు, ముఖం వెలిగిపోతూ. “సార్, గుట్టు దొరికింది! గొడుగు ఆయన ఎడమ చేత్తో పట్టుకున్నాడు. గది తాళం కుడివైపు గీసుకుపోయి ఉంది. అంటే ఆ పని కుడిచేతివాటం మనిషిది, ఆయన నిర్దోషని అక్కడే చెప్పేసింది రచయిత్రి! అమోఘం!”

నేను నోరు తెరిచి విన్నాను. ఆ గొడుగు ఏ చేతిలో ఉందో చూసుకుని రాసిన పాపాన పోలేదు నేను.

“కాదు,” అన్నాడు మామయ్య. ఆయన పొగడ్త మొదలెట్టాడు కాబట్టి ఈయన వెంటనే పార్టీ మార్చేశాడు.

అప్పుడు నర్సమ్మ లేచింది. “టార్చి ఎందుకు లేదన్నారుగా? ఇప్పుడు వినండి. ప్రేమించిన మనిషిని అనుమానిస్తూ ఒక్కరోజు కూడా బతకలేక వెళ్ళింది ఆ పిల్ల. లోపలేముందో చూడాలనీ ఉంది, చూడకూడదనీ ఉంది. అందుకే దీపం తీసుకెళ్ళలేదు. మా వార్డులో రిపోర్టు కవరు చేత్తో పట్టుకుని విప్పకుండా కూర్చునేవాళ్ళని నేను రోజూ చూస్తాను. ప్రేమ వేరు, భయం వేరు అంటారేంటండీ?”

నిజం చెప్పాలంటే, టార్చిలైటు సంగతి నేను మర్చిపోయాను, అంతే. కానీ ఆవిడ చెప్పాక నాకు ఆ పిల్ల మొదటిసారి అర్థమైంది. వారపత్రిక వాక్యం గుచ్చిన ముల్లు ఊడిపోయింది. మామయ్య నా వైపు చూడకుండా ఎవరివో అద్దాలు తుడుస్తున్నాడు. ఇంటికెళ్ళి, స్టూలు వేసుకుని, బీరువా మీది కాగితాలు దించాను. ఆ రెండో నవల పూర్తయి అచ్చయింది. దాని తర్వాతవీ అచ్చయ్యాయి. ప్రతిదానికీ నాకు ఈ ఊళ్ళో పోట్లాడే పాఠకులు తయారుగా ఉన్నారు. ఇంతకన్నా అదృష్టం రాసేవాళ్ళకి ఏముంటుంది?

మామయ్య గత నెలలో కన్నుమూశాడు. ఆయనకి నా నవల అసలు నచ్చిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో మీకూ తెలుసు.

మొన్న నర్సమ్మా, ఆఫీసరుగారూ అత్తయ్యని పలకరించడానికి వచ్చారు.

“ఎంత మంచి మనిషో,” అంది నర్సమ్మ. “ఆ ‘రెండో తాళంచెవి’ మాత్రం ఆయనకి బొత్తిగా పడేది కాదు. ఎప్పుడు తీసినా తిట్టేవాడు.”

ఆఫీసరుగారు నిటారుగా కూర్చున్నారు. “ఏమిటమ్మా మీరనేది? ఆ పుస్తకమంటే ఆయనకి ప్రాణం! నన్నెన్నిసార్లు కోప్పడ్డాడో దానికోసం!”

“నాతో తిట్టాడండీ!”

“నాతో పొగిడాడమ్మా!”

ఇద్దరూ నా వైపు తిరిగారు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పేస్తే ఇద్దరూ నవ్వుకుని, లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

“ఏమో మరి,” అన్నాను. “నర్సమ్మగారు అంత గట్టిగా చెప్తున్నారంటే, సార్, మీరే పొరబడి ఉంటారేమో!”

ఆఫీసరుగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. నర్సమ్మ బ్యాగు కింద పెట్టింది. అత్తయ్య నా వైపు ఒక చూపు చూసి, టీ పెట్టడానికి లేచింది.