అక్క నిలబడ్డ పక్క

చిన్నకోడూరులో మా అమ్మగారింట ఉండగా కబురు వచ్చింది. సిద్దిపేటలో మా యారాలు, నా భర్త అన్నగారి భార్య, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. పన్నెండేళ్లు ఒకే వాకిట్లో బతికాం. ఆ పన్నెండేళ్లూ ఆమె మీద నాకు కుళ్లు. పోయిన మనిషి గురించి అబద్ధం రాయలేను.

ఊళ్లోకి డేరా సినిమా వస్తే మగవాళ్లు తెరకు ముందు, ఆడవాళ్లం తెరకు వెనక కూర్చునేవాళ్లం. ఒక జంట నటించిన బొమ్మ అంటే ఊరంతా కదిలేది. ఆయన పాట విడిచిన చోట ఆమె అందుకునేది. అక్కకు ఆ జంటంటే ప్రాణం. తెల్లవారి మగ్గంలో కూర్చుని ఆమె భర్త, మా బావ, ఒక చరణం ఎత్తుకుంటే, నూలు కండెలు చుడుతూ అక్క రెండోది పాడేది.

"ఒక్కలు విడిస్తె ఇంకొక్కలు అందుకోవాలె చెల్లె, గదే జంట" అనేది.

మా ఆయన మగ్గం దగ్గర దగ్గు తప్ప ఇంకేమీ వినబడదు. వాడలో వాళ్లిద్దరినీ బొమ్మల జంట అంటుంటే నాకు కడుపు మండేది.

తెర వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. నాలుగో తరగతి చదివినదాన్ని, పేర్ల అక్షరాలు తిరగబడి ఉండటం చూసి మొదటిసారే తెలుసుకున్నాను. అక్కకు చదువు రాదు. నాయకుడికి ఎడమ పక్కన నిలబడే నాయిక ఆమెకు ఎప్పుడూ కుడి పక్కనే కనబడేది.

నాలుగేళ్ల కిందట ఫోటోలు తీసే ఆయన వచ్చాడు. అక్కా బావా ఆ జంటలాగే దిగుదామనుకున్నారు. అక్క పోయి బావకు కుడి పక్కన నిలబడింది.

"అమ్మా, ఇంటామె ఎడమ దిక్కు నిలవడాలె" అన్నాడు ఫోటో ఆయన.

"మేము బొమ్మ సూడలేదనుకున్నవా? గామె గీ దిక్కే నిలవడ్తది. ఏం చెల్లె, సదువుకున్నదానివి, నువ్వు జెప్పు."

మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను. "నువ్వు నిలవడ్డ దిక్కే అక్కా" అన్నాను.

"ఆమె జెప్పినట్లే తియ్యి" అన్నాడు బావ.

ఫోటో వచ్చాక వాడంతా నవ్వింది. "ఏందే, మల్ల పెండ్లి పీటల మీద కూసున్నవా?" అని, పీటల మీద పెళ్లికూతురు కుడి పక్కన కూర్చునే సంగతి ఎత్తి ముసలమ్మలు ఆటపట్టించారు. అక్క ఫోటోను చీరల అడుగున పెట్టేసింది. ఆ పూట నేను కడుపు నిండా తిన్నాను.

అక్క పోయిన పదో రోజు దీపం పెట్టడానికి ఆ ఫోటోనే బయటికి తీశారు. బావ ఎదుట ఎన్నడూ మాట్లాడనిదాన్ని, తలుపు చాటున నిలబడి జరిగింది చెప్పేశాను.

"నాకు ఎర్కనే బిడ్డా" అన్నాడు. "తెర ముంగట కూసున్నోన్ని, గామె ఏ దిక్కుంటదో నాకు తెల్వదా? మీ అక్క మనసువడి నిలవడ్డది. జరుగుమంటె మొఖం చిన్నవోతుండె."

ఏడవాల్సింది. ఏడుపు రాలేదు. కడుపులో మళ్లీ ఆ పాత మంటే.

ఇప్పుడు సాయంత్రం బావ అరుగు మీద కూర్చుంటాడు. ఎడమ చివరకు జరిగి, కుడి పక్కన ఒక మనిషి పట్టే జాగ విడిచిపెడతాడు. మా ఆయన ఎప్పటిలాగే మా అరుగు నడుమ కూర్చుంటాడు.